చిన్నమ్మ తెచ్చిన పుట్టగొడుగులు

ప్రతి ఇంట్లోనూ పైకి అనకూడని మాటలు కొన్ని ఉంటాయి. మా ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉండేది, పుట్టగొడుగు. చచ్చిపోయినవాళ్ల పేర్లు తలుచుకునేవాళ్లం, దాయాదుల గొడవలు అన్నం తింటూ చెప్పుకునేవాళ్లం, పామును పాము అనే అనేవాళ్లం. ఆ ఒక్క మాట ఎవరి నోటి నుంచైనా జారితే మాత్రం అందరూ నీళ్ల చెంబు కోసమో చెప్పుల కోసమో వెతుక్కుంటూ లేచిపోయేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టి, నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగంలో జుట్టు నెరిపించుకున్నాను. శిలీంధ్రాల పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద గొడుగు బొమ్మ గీసి, ఇది టోపీ, దాని కింద పుస్తకం పేజీల్లా ఉన్నవి మొప్పలు, ఇది కాడ, కాడ చుట్టూ ఉన్న ఈ పట్టీ ఉంగరం అని బాణాలు వేసి చూపించేదాన్ని. సెలవులకు బాన్సువాడ వచ్చినప్పుడు, కాలేజీలో ఏం పాఠం చెప్తావని ఎవరైనా అడిగితే, చెట్లూ ఆకులూ అని ఊరుకునేదాన్ని.

పోయిన వానాకాలంలో సుజాత ఫోన్ చేసింది. సుజాత మా కాక కూతురు, అంటే మా బాపు తమ్ముడి బిడ్డ. బాన్సువాడ బస్టాండు వెనక సందులో భర్తతోనూ వాళ్లమ్మతోనూ ఉంటుంది. ఆ వాళ్లమ్మే నాకు చిన్నమ్మ. "అక్కా, అమ్మ బాత్రూంల జారి పడ్డది. తుంటి ఇరిగింది. ఆపరేషన్‌కు పానం ఆగదంటుండ్రు దవాఖానల" అంది. ఆ వెంటనే, "నిన్ను పిలువుమంటుంది. విమల మొక్కలు సదివింది గదా, దాన్ని ఒకటి అడగాలె అంటుంది. ఏందమ్మా అంటే నాకు చెప్తలేదు" అంది. ఏం అడుగుతుందో నాకు తెలుసు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అదే సంగతి నేనే ఆమెను అడగబోతే, మాట పూర్తి కాకముందే గంప ఎత్తుకుని పశువుల కొట్టం వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు కదిపినా, "నాకు యాదికి లేదు బిడ్డా" అనేది. యాదికి లేని మనిషి కళ్లు అలా ఉండవు. నిజామాబాద్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఇన్నేళ్లకు ఆమె అడుగుతోందంటే ఇక తనకు రోజులు లేవని తెలిసిపోయిందనిపించింది.

మా పాత ఇల్లు కాలువ వైపు వాడలో ఉండేది. వానాకాలం వస్తే ఆ ఇంటికి ఒక వాసన వచ్చేది. నానిన చెరకు ఆకు, బర్రెల పేడ, ఆరని పిడకల పొగ, మూలన వేలాడే తడి గొంగడి, అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడి గొంగడి కనిపిస్తే ముక్కు దానంతటదే అటు తిరుగుతుంది. పొద్దున లేవగానే వినిపించేది అవ్వ జొన్నరొట్టె కొట్టే చప్పుడు. అవ్వ అంటే మా బాపు తల్లి. ఎడమ చెంపలో పొగాకు పెట్టుకుని, కుడి పక్కనుంచి మాట్లాడేది. ఆమె మాటకు ఎదురు ఉండేది కాదు. తాత కూడా ఆమె ముందు గొంతు సవరించుకుని కానీ మాట్లాడేవాడు కాదు. అవ్వకు నియమాలు చాలా ఉండేవి. వాటిలో గట్టిది శ్రావణమాసం నియమం. నాగులపంచమి దాటేదాకా పుట్ట దగ్గరికి ఇనుము పోకూడదు. పార కాదు, కొడవలి కాదు, చివరికి చేతిలో ఉన్న సూది కూడా ఇంట్లో పెట్టి పోవాలి. పుట్ట మీద మొలిచింది ఏదైనా సరే, పీకకూడదు, తవ్వకూడదు. నేలమట్టానికి గోటితో తుంపుకోవాలి.

చిన్నమ్మ డోంగ్లి అవతల, మహారాష్ట్ర వైపు ఊరి పిల్ల. మరాఠీ కలిసిన తెలుగుతో వచ్చింది. వచ్చిన కొత్తలో ఆమె మాటలకు మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం, ఆమె మాకంటే ఎక్కువ నవ్వేది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, పల్లీలు పెనం మీద వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచి 'ఠేచా' అని పెట్టేది. మొదటిరోజు అవ్వ ముక్కు చిట్లించి, "గిదేం తిండే, నోరు కాల్తుంది" అంటూనే ఇంకో రొట్టె వేయించుకుంది. వారం తిరిగేసరికి వంటిల్లు చిన్నమ్మది అయిపోయింది. పొయ్యి ముందు కూర్చుంటే ఆమె ముఖంలోకి ఒక వెలుగు వచ్చేది. మంట వెలుగు కాదు, లోపలిది. మా అమ్మ వంట చేయడమంటే పని ముగించడం. చిన్నమ్మకు అదే ఆట. మా తమ్ముడు రాజుగాడు ఇంకా బడికి పోని వయసు వాడు. ఎప్పుడూ ఆమె కొంగు పట్టుకుని పొయ్యి పక్కనే ఉండేవాడు. అమ్మ పిలిస్తే పోయేవాడు కాదు. అమ్మ మనసులో అది కొంచెం గుచ్చుకునే ఉంటుందని పెద్దయ్యాక అనిపించింది.

ఆ ఏడు ముసురు పట్టింది. ఆకాశం కనిపించలేదు, బట్టలు ఆరలేదు, బావి నీళ్లు బురదగా మారితే వాడంతా కాలువ నీళ్లే తెచ్చుకుని తాగింది. ఒక పొద్దున చిన్నమ్మ చెరకు తోట నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. తడిసి ముద్దయింది, కొంగు మాత్రం రెండు చేతులతో పట్టుకుని ఉంది. "అళంబి! గట్టు మీద పుట్టకు మస్తుగ మొలిచినయి" అంది. అళంబి అంటే వాళ్ల వైపు మాటలో పుట్టగొడుగు. కొంగు విప్పితే బూడిదరంగు గొడుగులు, మట్టి వాసన, తడి వాసన. అవ్వ ముందుగా అడిగింది, "ఇనుము తాకిచ్చినవా?" అని. "లేదత్తమ్మా, గోటితోటే తుంపిన, ఏర్లు గట్లనే నేలల ఉన్నయి" అంది చిన్నమ్మ. అవ్వకు అదే కావలసింది. మంచివో కావో అన్న అనుమానం తీర్చుకోవడానికి గిన్నెలో ఉడుకుతున్న కూరలోకి వెండి రూపాయి ఒకటి వేసింది. విషమైతే వెండి నల్లబడుతుందని నమ్మకం. వెండికీ ఆ విషానికీ ఏ సంబంధమూ లేదని నేను తర్వాత ఎన్ని తరగతుల్లో చెప్పానో. ఆ రోజు రూపాయి తెల్లగానే బయటికి వచ్చింది. అవ్వ దాన్ని కడిగి నడుముకు దోపుకుని, వడ్డించమంది. అంటే ఆ కూరకు ఒప్పుకున్నది అవ్వే. మర్నాటికి ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ కూర రుచి నాకు ఇంకా నోట్లో ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది కానీ ఉంది. రాజుగాడు ఎక్కువ తినలేదు. ఆ పొద్దున్నుంచే వాడు నలతగా ఉన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. అవ్వ ఒక్క కేక పెట్టి, వేపాకు నూరించి, నీళ్లలో కలిపి ఇంట్లో ఉన్న అందరి చేతా గటగటా తాగించింది. ఆ చేదుకు అందరం వాకిట్లో వరసగా కూర్చుని కక్కుకున్నాం. చూడవచ్చిన వాడకట్టు వాళ్లకు కనిపించింది అదే. ఇల్లు ఇల్లంతా కక్కుతున్నారు, గొడుగులు తిన్నారట అని ఊరంతా పాకింది. వేపాకు మాట ఎవరూ అనలేదు. కాక రాజుగాణ్ణి గొంగట్లో చుట్టి ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయాడు. దారిలోనే వాడి పానం పోయింది. బండి తిరిగి వచ్చినప్పుడు అమ్మ ఏడవలేదు. చిన్నమ్మ ముఖంలోకి చూసింది, అంతే. ఆ చూపు నేను చూశాను. ఆ తర్వాత అమ్మ బతికున్నన్నాళ్లూ చిన్నమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టలేదు కూడా. తిడితే ఇద్దరికీ బాగుండేది.

తీర్పు అవ్వ చెప్పింది. "దాని చెయ్యి పొయ్యి మీదికి పోవద్దు" అని. అంత చిన్న మాట. పుట్టింటికి పంపలేదు, కొట్టలేదు. బర్రెల పని, పేడ, పిడకలు, నాట్లు, బట్టలు, అంట్లు, అన్నీ ఆమెవే. నోట్లోకి పోయే వస్తువు మాత్రం ఆమె ముట్టకూడదు. పాలు పిండకూడదు, కూరగాయ తరగకూడదు, నీళ్ల కడవ దించకూడదు. అందరూ తింటుంటే ఆమె వెనక గడప మీద కూర్చుని, పళ్లెంలో ఎవరైనా వేస్తే తినేది. పెళ్లిళ్లలో కూడా, ఆడవాళ్లంతా కూరగాయలు తరుగుతూ ఉంటే ఆమె కత్తిపీట దగ్గర కూర్చోబోయేది. ఎవరో ఒకరు నవ్వుతూనే, "నువ్వు జర పిల్లలను చూస్కో అక్కా" అని కత్తిపీట లాక్కునేవాళ్లు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. తర్వాత సుజాత పుట్టింది. దానికి పాలు తాగించడం వరకే ఆమె వంతు. అన్నం మొదలైన రోజు నుంచి మా అమ్మ కలిపి పెట్టింది, అవ్వ కలిపి పెట్టింది, చివరికి నేను కూడా పెట్టాను. అవ్వ పోయింది, తాత పోయాడు, ఇల్లు పంచుకున్నారు. అయినా చిన్నమ్మ పొయ్యి దగ్గరికి పోలేదు. అప్పటికి ఎవరూ అడ్డుపెట్టనవసరం లేదు, ఆమే వెళ్లేది కాదు. చేతికి అందే వయసు వచ్చేసరికి సుజాతే వండిపెట్టేది.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. బయట సన్నగా వాన. చిన్నమ్మ కిటికీ పక్క మంచం మీద సగానికి సగమై పడుకుని ఉంది. చేతులు మాత్రం పెద్దవి, పేడ చేతులు, దుప్పటి మీద విడివిడిగా పెట్టుకుని ఉంది. సుజాతను చాయ పెట్టమని పంపించి, నా మణికట్టు పట్టుకుంది. "విమలా, గా పొద్దు నేను తెచ్చినయి ఎసుంటియే? మంచియా, విషపుయా? పోయేముందల నాకు తెలువాలె. రాజుగాడు ఆడ ఎదురొస్తే ఏం చెప్పాలె నేను?" అంది. అంతకంటే సూటి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

చూడకుండా ఒక గొడుగు ఏ జాతిదో చెప్పడమంటే ఎంత కష్టమో ఆమెకు ఎలా చెప్పను? చేతిలో ఉన్నదాన్ని చెప్పడమే కష్టం. రంగు వానకు మారుతుంది, వయసుకు మారుతుంది. మా వైపు విషపుది ఒకటి ఉంది. గడ్డిలో, పెంటకుప్పల దగ్గర పెద్దగా తెల్లగా మొలుస్తుంది, కాడకు ఉంగరం ఉంటుంది, మొప్పలు మొదట తెల్లగా ఉండి ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. పుట్ట మీద మొలిచే మంచిదానికి ఉంగరం ఉండదు, టోపీ నడుమ ఒక మొన ఉంటుంది, కాడ కిందికి పొడుగాటి వేరు ఒకటి నేలలోకి దిగి ఉంటుంది. అందుకే ఒక్కొక్కటే అడిగాను. కాడకు పట్టీలాంటిది ఉందా అంటే, ఉండె అంది. కాసేపటికి మళ్లీ అడిగితే, లేకుండె అంది. కింద రేకులు ఏ రంగు అంటే, తెల్లగ, అంది. పచ్చగ కూడ ఉండెనేమో, అంది. నాకు అర్థమైంది. రోజూ తలుచుకుని తలుచుకుని ఆమె దాన్ని అరగదీసింది. ఇప్పుడు ఆమె మనసులో ఉన్న గొడుగుకు ఏ రంగు కావాలంటే ఆ రంగు ఉంది. "నువ్వు ఎట్ల అంటే గట్లనే బిడ్డా. విషపుదే అనుకో" అంది చివరికి. ఆ మాటకు నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. వేరు ఒక్కటి చూసి ఉంటే సరిపోయేది. ఆ వేరే మా అవ్వ నియమం వల్ల నేలలో ఉండిపోయింది.

సుజాత భర్త మంచివాడు, కొంచెం హుషారు ఎక్కువ. గుమ్మంలోంచి వింటున్నాడేమో, "ఫోన్ల ఫోటో కొడితే పేరే చెప్తది వదినా, గిదొక ఫికరా?" అని వచ్చాడు. ఏ ఫోటో కొడతావయ్యా అంటే తల గోక్కున్నాడు. నెట్‌లో ఏవో బొమ్మలు తెరిచి చూపించాడు. ఆ ఫోన్ ఒక బొమ్మకు ఒక పేరు చెప్పి, అదే బొమ్మను తిప్పి చూపిస్తే ఇంకో పేరు చెప్పింది. చిన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే, ఏదో అడ్డు తొలగినట్టు, "గాటి ఏర్లు తవ్వినంక సూసిన గని, తెంపినప్పుడు సూడలే" అంది. నేను ఉలిక్కిపడ్డాను. తవ్వినంకనా? ఎవరు తవ్వారు?

అప్పుడు చెప్పింది. రాజుగాణ్ణి మట్టిలో పెట్టిన మర్నాడు, మమ్మల్ని పిల్లల్ని లోపల పెట్టి తలుపు వేశారు, అది నాకు గుర్తుంది. ఎందుకో తెలియదు. అవ్వ ఆ రోజు తన నియమాన్ని తానే తెంచుకుందట. పంచమి ఇంకా రానే లేదు. కాకను, తాతను గడ్డపారలతో చెరకు తోటకు తీసుకుపోయింది, చిన్నమ్మను కూడా జుట్టు పట్టుకోలేదు కానీ అంత పని చేసి నడిపించింది. పుట్టను పగలగొట్టించింది. "మీ కాకనే తవ్విండు. నేను తుంపిన కాడికి మొదలు నల్లగైనయి, వాటి కిందికెల్లి ఏర్లు పోయినయి, తెల్లగ, తోక లెక్క సన్నగైకుంట. మూరెడు లోతుకు పోయినయి బిడ్డా. అండ్ల తేనెపట్టు లెక్క మెత్తగ ఒకటుండె, దాని నిండ సాబుదాన గింజల లెక్క తెల్లగ చిన్న చిన్నయి. చెదలు ఉరుకుతున్నయి. అత్తమ్మ గది సూసి రొమ్ము కొట్టుకున్నది. సూసినవా దీని విషం ఏడిదాంక పోయిందో, అన్నది. గాసునూనె పోసి అంటువెట్టిండ్రు" అంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు గోడ మీద ఉంది. ఆమె ఇంతకుముందు చెప్పిన రంగులన్నీ పోతే పోనీ, ఈ వేరు, ఈ సగ్గుబియ్యం లాంటి గింజలు ఎవరూ కల్పించి చెప్పలేరు. అది చెదలు నేల కింద పెంచుకునే తోట. ఆ తోటలోంచి వేరు దించుకుని పైకి వచ్చే గొడుగుల పేరు టెర్మిటోమైసిస్. ప్రజాతి, అంటే ఇంటిపేరు లాంటిది, అంతవరకు నేను కళ్లు మూసుకుని రాస్తాను. అందులో ఏ జాతి అంటే చెప్పలేను, ఆ గడి ఖాళీగానే ఉంటుంది. కానీ ఈ విషయానికి ప్రజాతి చాలు. అందులో మనిషిని చంపేది లేదు.

నిజం వాళ్లందరి కళ్ల ముందు ఆ గోతిలో పడి ఉంది. అవ్వ చూసింది, తాత చూశాడు, కాక తన చేత్తో బయటికి తీశాడు. ఆమె తప్పు లేదని చెప్పే వేరునే చూసి, ఆమె తప్పు ఎంత లోతో చూడండి అనుకున్నారు. మట్టినూనె పోసి తగలబెట్టారు. నాకు ఆ క్షణం మా అవ్వ మీద వచ్చినంత కోపం బతికున్న మనిషి మీద ఎప్పుడూ రాలేదు. చచ్చిపోయినవాళ్ల మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అయినా మాస్టరమ్మ బుద్ధి. చెప్పేముందు అలాంటి గొడుగును ఆమెకు ఒక్కసారి చూపించి నిర్ధారించుకోవాలనుకున్నాను. మర్నాడు సుజాత భర్త బండి మీద పిట్లం రోడ్డు వైపు వెళ్లాం. మా చెరకు తోట ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లు. రంగు వేసిన రాళ్లు పాతి, ఎర్రమట్టి దారులు వేసి, ఒక కమాను కట్టారు. ఆ నేల మీద చెరకు లేదు, గట్టు లేదు, పుట్ట సంగతి సరేసరి. అప్పుడు పుట్టలోని నాగమ్మకు భయపడి సూది కూడా దూరంగా పెట్టిన చోట జేసీబీ ఒక మధ్యాహ్నంలో పని ముగించి ఉంటుంది. ఆ భయం మంచిదని నేను అనను, దాని వల్లే ఇంత జరిగింది. కానీ అక్కడ నిలబడితే, అప్పుడు తప్పుగానైనా ఆ నేలను చూసేవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు చూసేవాళ్లే లేరు అనిపించింది. పట్నంలో నా మనవరాలు ప్లాస్టిక్ డబ్బాలో తెల్లటి పుట్టగొడుగులు తెస్తుంది. అవి ఎక్కడ మొలుస్తాయని అడిగితే ఫ్రిజ్‌లో అంటుంది.

రోడ్డు పక్కన గొడుగు వేసుకుని ఒక ఆమె టేకు ఆకుల మీద పుట్టగొడుగులు కుప్పలు పోసి అమ్ముతోంది. వేర్లతో సహా ఉన్నాయి. ఎందుకమ్మా వేరుతో పీకావు అంటే, "ఏరుంటె కుప్ప పెద్దగ కనవడ్తది గదా" అంది. కొనుక్కుని వచ్చాం. ఒకదాని టోపీ కోసి తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూతపెట్టాను. మొప్పల్లోంచి రాలే పొడి ఏ రంగో చూడటానికి అదే పద్ధతి. విషపు దానిదైతే ఆకుపచ్చగా పడుతుంది. పొద్దు వాలేసరికి కాగితం మీద లేత గులాబీ రంగులో గీతలు గీతలుగా ముద్ర పడింది. వేరు విరగకుండా ఉన్నదాన్ని ఒకటి ఏరి, మంచం మీద చిన్నమ్మ అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు, ముందుగా వాసన చూసింది. తర్వాత బొటనవేలితో టోపీ మీది మొనను తాకింది, వేరును పైనుంచి కిందిదాకా తడిమింది. "గిదే" అంది. "గిదే బిడ్డా. గీ తోకనే."

అప్పుడు చెప్పాను. ఈ సంగతి తేల్చడానికని పిలిపించిన మనిషినే కదా, మంచి కబురు తెచ్చానన్న గర్వం కూడా గొంతులో ఉండే ఉంటుంది. "చిన్నమ్మా, నువ్వు తెచ్చినయి మంచియే. వాటితోటి ఎవరు సావరు. రాజుగాడు గా కాలువ నీళ్లకు పోయిండు. గా ముసురుల మన వాడల ఇంక పిల్లలు గిట్లనే కక్కుకుంట పోయిరి గదా, వాళ్లిండ్లల్ల ఎవరు గొడుగులు వండలే" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు రాలేదు. ఊరట వస్తుందేమోనని నేను ముఖం కేసే చూస్తున్నాను. "పిల్లలు పోయింది నాకెర్కనే" అంది చివరికి. "అందరికెర్క. కని నేను తెచ్చి వండిన గదా అనుకున్న." అరచేతిలోని గొడుగును దుప్పటి మీద పెట్టింది. "ఎందుకు చెప్పినవే విమలా? విషం తెచ్చిన, పసిపోరన్ని సంపిన, గందుకు గీ శిక్ష అనుకుంటుంటి. శిక్ష తీరుతుంది తీరుతుంది అనుకుంట బతికిన. ఇప్పుడు తప్పే లేకుండె అంటున్నవు. గట్లయితే గీ బతుకంత దేనికి పోయింది? ఎవల్ని అడగాలె నేను? అందరు సచ్చిపోయిరి." గట్టిగా కూడా అనలేదు. వాన ఇంకా పడుతోందా అని అడిగినట్టు అంది.

విషపుదే అని అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా? ఇప్పటికీ చెప్పలేను. జీవితమంతా పిల్లలకు ఇది ఇందులోకి వస్తుంది, అది అందులోకి వస్తుంది అని గడుల్లో పెట్టడం నేర్పాను. ఒక మనిషికి జరిగిన అన్యాయాన్ని ఏ గడిలో పెట్టాలో నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. నేను తెచ్చిన సత్యం ఆమెకు మిగిలి ఉన్న ఒక్క ఆసరాను లాగేసింది.

సుజాత గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కొంగు నోట్లో కుక్కుకుంది. మిగిలిన పుట్టగొడుగులు తీసుకుని వంటింట్లోకి పోయింది. నూనె చిటపటలు వినిపించాయి, వెల్లుల్లి వాసన వచ్చింది. కాసేపటికి ఉడుకుతున్న గిన్నెను పట్టుకారుతో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది, రెండో చేతిలో ఉప్పు డబ్బా. నేను డబ్బా మూత తీశాను. సుజాత డబ్బాను తల్లి ముందుకు చాపింది. "అమ్మా, నేను పుట్టినకాన్నుంచి నీ చేతి కూర తినలే. ఇప్పుడన్న తింట. ఏం చెయ్యకు, గీ ఉప్పు ఒక్కటి నీ చేత్తోటి ఎయ్యి" అంది.

చిన్నమ్మ డబ్బాలో చెయ్యి పెట్టింది. పిడికిట్లోకి కొంచెం తీసింది, కొంచెం రాల్చింది, మళ్లీ తీసింది. గిన్నె మీదికి చెయ్యి తీసుకొచ్చి అక్కడే ఆపింది. కూరను చూసింది, ఉప్పును చూసింది, కూతురి ముఖం చూసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్లు విప్పి ఉప్పును డబ్బాలోనే వదిలేసింది.

"ఎంత ఎయ్యాల్నో తెలుస్తలేదు బిడ్డా" అంది.